పది గళ్లు

ఆరో బెడ్డు ముసలాయన ఇంటికి పోయిండు.
ఆయన గుండె గీతలున్న ఈసీజీ కాయిదం ముక్క
చెత్తల పడేయబోతుంటె
నేనే అడిగి తీసుకున్న.
గీతల కింద జాగల పెన్సిలుతోని
నా ఏండ్లు రాసుకున్న.
పెద్ద గడికి ఒక ఏడు.

జీఎన్ఎం ఇంకొక్కటి.
నౌకరి రెండు, ఎక్కడ ఏస్తె అక్కడ,
ఏటపల్లి అయినా భామరాగడ్ అయినా.
పోస్ట్ బేసిక్ రెండు. ఫీజు కాడ ప్రశ్న గుర్తు.
ఐసీయూల మూడు, నాగపూర్ల దొరికితె.
ఆఖరికి నర్స్ ప్రాక్టీషనర్ రెండు.
ఇంగ్లీషుకు గడి ఎయ్యలే,
అది అన్ని గళ్లల్ల ఉన్నది.

మొత్తం పది.
పది గళ్లు దాటనీకి గుండెకు
రెండు సెకండ్లు పడ్తది.
నాకు ముప్పై ఒకటి నిండుతయి.

వైరాగడే సిస్టర్ భుజం మీంచి చూసి
"హే కాయ్, దుర్గం?" అన్నది.
చెప్పిన. నవ్వలే.
"తర్వాత ఆ పోస్టు ఏ జీఆర్ల ఉన్నదో
అది గూడ రాసుకో" అన్నది.
పదకొండో గడి కాడ కాయిదం చినిగి ఉన్నది.

సిరొంచ దవాఖానల, శ్రావణంల, ఒక తెల్లారుజాము.
ప్రాణహిత దిక్కు ఇంకా మొగులు దిగే ఉన్నది.
తలాండి వాళ్ల పిలగాన్ని మంచంతోనే మోసుకొచ్చిన్రు.
కడుపు పట్టుకొని ముడుచుకున్నడు.
మరాఠీల అడిగితె తల్లి నేల చూసింది,
హిందీల అడిగితె తండ్రి గోడ చూసిండు.
పిలగాడే అన్నడు, మాడియాల,
"నోయ్" అని మొదలయ్యే మాటేదో.
నాకు రాని బాస.
కాని అది మా నొప్పికి చెల్లెలే,
ఒక్క తల్లి కొంగు పట్టుకొని తిరిగినట్టున్నది.

కాటు లేదు. వాపు లేదు.
సిస్టర్ టార్చి కొట్టింది
కడుపు దిక్కు కాదు, కనురెప్పల దిక్కు.
వాలుతున్నయి.
"రాత్రి నేల మీద పన్నడా?"
పన్నడు.
కట్లపాము పేరు ఎవ్వరం తియ్యలే.

ఫ్రిజ్జుల మందున్నది.
ఫ్రిజ్జు తాళంచెవి సిస్టర్ నడుముకున్నది.
పెట్టమనే మాట మాత్రం
అల్లాపల్లి తొవ్వల, సిగ్నల్ లేని జీపుల ఉన్నది.
నలభై నిముషాలు
ఆమె బొటనవేలు ఆ చెవిని రుద్దుతనే ఉన్నది.
నేను ఊపిరి లెక్కపెట్టిన, మల్ల లెక్కపెట్టిన,
పెట్టినప్పుడల్ల ఒకటి తక్కువ.

పిలగాడు బతికిండు.
అది నసీబు.
నసీబుకు కోర్సు లేదు, ఎంట్రెన్సు లేదు,
మల్లొస్తనని బాండు రాసియ్యదు.

సిస్టర్‌ది ఇరవై రెండేండ్ల సర్వీసు.
అన్నీ తెలుసు. లేనిది ఒక్క సంతకం.
నేను పదేండ్లు చదివేది ఆ సంతకమే గావచ్చు.
అంత చదివినంక గూడ
ఆమె టార్చి పట్టిన తీరు
నా చేతికి వస్తదో రాదో.

అమ్మ గోదారి ఆవల మిరప ఏరి వచ్చింది.
మండే వేళ్లు మజ్జిగ గిన్నెల ముంచి అడిగింది:
"డాక్టరమ్మవైతవా?"
కాదమ్మ.
"మరి గిదే నర్సువా?"
గది గూడ కాదు. నడుమ.

అమ్మ జర సేపు ఆగింది.
రేషన్ కార్డు మీద ఆమె పేరు మరాఠీల,
సంకల ఏసుకున్న పచ్చబొట్టుల తెలుగుల.
"నడుమ ఉండుడు మనకేం కొత్త" అన్నది.
"పైసలెంతయితయో గది చెప్పు."

ఈసీజీ కాయిదానికి ఎండ పడదట.
ముసలాయన గుండె గీతలు
అప్పుడే సగం తెల్లబడ్డయి.
పెన్సిలు మాత్రం పోలే.
ఫార్మకాలజీ పుస్తకంల
విరుగుడు మందుల పాఠం కాడ పెట్టిన.

నాలుగు కొట్టింది.
మూడో బెడ్డుకు జ్వరం చూడాలె.